1947లో మా ఇంట్లో ఏటి మారింది, మాస్టారూ?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక మండలంలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. డీఎస్సీలో వచ్చాక ఇదే నా మొదటి బడి. చరిత్రంటే ఇష్టంతో ఎం.ఏ. హిస్టరీ చేశాను. తీరా చేరాక పొద్దున్న అటెండెన్స్ యాప్, మధ్యాహ్నం భోజనం ఫోటోలు, సాయంత్రం మార్కుల అప్‌లోడు. మధ్యలో దొరికిన పీరియడ్లో సిలబస్ పరిగెత్తించడం. మొన్న జనవరి 26కి ముందు రోజు పదో తరగతిలో, స్వాతంత్ర్యం దేశానికి ఎంత పెద్ద మలుపో చెప్తున్నాను. వెనక బెంచీలోంచి జాలర్ల పిల్లాడు ఒకడు లేచి "1947లో మా ఇంట్లో ఏటి మారింది, మాస్టారూ?" అన్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు. క్లాసంతా నవ్వింది. ఏదో చెప్పి కూర్చోబెట్టాను గానీ ఆ రోజు నుంచి సరిగ్గా నిద్ర పట్టడం లేదు. స్టాఫ్ రూంలో చూస్తే వాట్సాప్ చరిత్ర మీద రోజూ గొడవ. ఇంట్లో వాళ్ళేమో "సోషల్ మాస్టారికి ట్యూషన్లు కూడా రావు, గ్రూప్ 2 రాసుకో" అంటున్నారు. నేను ఈ పనికి పనికొస్తానా? ఇంకో చిన్న సంగతి. పిల్లల్ని ఒక రోజు ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఉంది. శ్రీముఖలింగమా, శాలిహుండమా?

జవాబు: మాస్టారూ, వయసులో మీరు మా అబ్బాయి కన్నా చిన్నవారే అయ్యుంటారు. అయినా మన వైపు మాస్టారంటే మాస్టారే కాబట్టి అలాగే పిలుస్తాను. గ్రూప్ 2 సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లాడి దగ్గరికి వెళ్దాం.

ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో అలాంటి ప్రశ్న అడిగిన పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మిగతా వాళ్ళు అడిగేది ఒకటే, "ఇది పరీక్షకి వస్తాదా మేడమ్?" అని. మీకు మొదటి బడిలోనే ఒకడు దొరికాడు. దాన్ని అవమానంగా తీసుకున్నట్టున్నారు, తీసుకోకండి.

వాడి ప్రశ్నకి మొదటి జవాబు చాలా చిన్నది. 1947 ఆగస్టు 15న వాడి ముత్తాత ఇంట్లో బహుశా ఏమీ మారలేదు. సముద్రం బాగుంటే తెప్ప దింపి ఉంటాడు, లేకపోతే వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంటాడు. ఈ మాట క్లాసులో అనడానికి మనకి భయం, దేశభక్తి తగ్గిపోతుందేమో అని. ఏమీ తగ్గదు, ధైర్యంగా చెప్పండి. చెప్పాక మాత్రం అక్కడ ఆపొద్దు.

1947 జూలై 8న రాడ్‌క్లిఫ్ అనే ఇంగ్లీషు లాయరు ఢిల్లీలో దిగాడు. అంతకు ముందు ఆయన ఈ దేశం మొహం చూడలేదు. ఐదు వారాల్లో పంజాబుని ఒక చోట, బెంగాలుని ఒక చోట చీల్చాడు. ఎవరి ఊరు ఎటు పడిందో జనానికి తెలిసింది ఆగస్టు 17న, జెండాలు ఎగరేసిన రెండు రోజులకి. ఇది పిల్లలకి చెప్పి చూడండి, మొహాలు మారతాయి. గుజరాత్ వైపు ఆయన కొత్తగా గీసిందేమీ లేదు. సింధుకీ కచ్ సంస్థానానికీ మధ్య ఉన్న పాత హద్దే రెండు దేశాల హద్దయిపోయింది. అక్కడ సర్ క్రీక్ అని ఒక ఉప్పుటేరు ఉంది. ఆ ఏట్లో హద్దు ఎటు పోవాలో ఇప్పటికీ తేలలేదు. ఏట్లోనే తేలనిది సముద్రంలో ఏం తేలుతుంది?

ఇప్పుడు మన తీరానికి రండి. ఇక్కడ వేట చాలక, పెద్ద హార్బరు లేక, మన ఊళ్ళ మగవాళ్ళు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద జీతానికి పని చేస్తారు. ఈ సంగతి మీ కన్నా మీ పిల్లలకే బాగా తెలుసు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ వాళ్ళకి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. వాళ్ళలో ఎక్కువమంది 2020 జనవరిలో వాఘా గేటు దాటి ఇంటికొచ్చారు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో మీ ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. అంటే 1947 మీ తీరానికి రాకపోలేదు. డెబ్బై ఒక్క ఏళ్ళు ఆలస్యంగా, గుజరాత్ మీదుగా వచ్చింది.

నేను ఇన్నేళ్ళు చెప్పి తెలుసుకున్నది ఇంతే, మాస్టారూ. దేశం మలుపు తిరిగిన తేదీ ఒకటి ఉంటుంది, అది పుస్తకంలో ఉంటుంది. ఆ మలుపు మన ఊరికి చేరిన తేదీ ఇంకొకటి ఉంటుంది, అది ఎక్కడా అచ్చేసి ఉండదు. మొదటి తేదీకి మార్కులొస్తాయి కాబట్టి అది చెప్పక తప్పదు. రెండోది కూడా అడిగే పిల్లాడు మీ క్లాసులో ఉన్నాడు కాబట్టి అదీ చెప్పక తప్పదు.

ఒక్క జాగ్రత్త. పాఠం చెప్పే ముందు ఆ పిల్లాణ్ణి పక్కకి పిలిచి, వాళ్ళింట్లో ఎవరైనా అలా చిక్కుకున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. ఇది ఎందుకంటున్నానంటే నేనొకసారి తప్పు చేశాను. మన వైపు పాతతరం వాళ్ళు చాలామంది రంగం వెళ్ళినవాళ్ళే కదా. రంగం అంటే రంగూన్ అని ఇప్పటి పిల్లలకి చెప్పాల్సి వస్తోంది. 1942లో జపాన్ వాళ్ళు బర్మాలోకి వస్తే లక్షలమంది మనవాళ్ళు అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చేశారు. మా క్లాసులో ఒకమ్మాయి తాతగారు అలా నడిచొచ్చిన మనిషని తెలిసి, సంబరంగా ఆ పిల్లని లేపి చెప్పమన్నాను. చెప్పడం మొదలుపెట్టి, దారిలో వదిలేసి వచ్చిన ఒక చంటిబిడ్డ దగ్గర ఆగిపోయింది. నలభై మంది ముందు ఏడుస్తూ నిలబడింది. ఆ పిల్లకి ఇప్పుడు పెళ్ళీడు కూతుళ్ళున్నారు, నాకు మాత్రం ఆ పీరియడు ఇంకా అయిపోలేదు. ఇంటి చరిత్ర రాసుకు రమ్మనండి, తప్పు లేదు. క్లాసులో గట్టిగా చదవాలా వద్దా అన్నది మాత్రం ఆ పిల్లల ఇష్టానికే వదిలేయండి. కొండల వైపు బదిలీ అయితే మరీ జాగ్రత్త. 1967 నుంచి మూడు నాలుగేళ్ళ పాటు మన ఏజెన్సీలో జరిగిన నక్సలైట్ పోరాటంలో కొన్ని ఇళ్ళు ఒక వైపున్నాయి, కొన్ని ఇళ్ళు ఇంకో వైపున్నాయి. ఆ మనవలు ఇప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

రైతుల పిల్లలున్న క్లాసులో ఇదే ప్రశ్న వేస్తే జవాబు వేరే వస్తుంది. వాళ్ళ తాతలు జమీందారుకి శిస్తు కట్టిన వాళ్ళు. విజయనగరం, బొబ్బిలి, మందస, ఊర్లాం, ఎటు చూసినా జమీలే. వాళ్ళకి మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టం ముఖ్యం. అది కాగితం మీది నుంచి పొలం గట్టు మీదికి రావడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. మందస పిల్లల్ని అడిగితే అసలు 1947 దాకా ఆగరు. 1940లోనే, అడవిలో కర్ర కొట్టుకున్నారని రైతుల్ని పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకి అడ్డంగా నిలబడి కాల్పుల్లో చనిపోయిన గున్నమ్మ పేరు చెప్తారు. అప్పుడామె నిండు గర్భిణి. అంతకు కొద్దిరోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. మీ పదో తరగతి పాఠంలో అవధ్ రైతులున్నారు, గూడెం కొండల్లో అల్లూరి ఉన్నాడు. పలాస లేదు. లేదని పుస్తకాన్ని తిట్టుకుంటూ కూర్చోకండి, దేశమంతటి పుస్తకంలో అన్ని ఊళ్ళూ పట్టవు. అవధ్ పాఠం అయిపోయాక ఐదు నిమిషాలు మందస గురించి చెప్పండి. అవధ్ కూడా అప్పుడే అర్థమవుతుంది.

పార్వతీపురంలో పుట్టి పెరిగిన ముసలమ్మ లెక్క ఒకటి నేను ప్రతి ఏడాదీ బోర్డు మీద వేసేదాన్ని. 1945లో పుట్టింది అనుకుందాం. అప్పుడామెది మద్రాసు ప్రెసిడెన్సీ, విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుట్టింది, ఆమె అందులోకొచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడితే ఆమెది విజయనగరం జిల్లా అయింది. ఇప్పుడైతే ఇంకో గీత కలపాలి, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. ఇల్లు కదల్లేదు, వాకిట్లో తులసికోట కదల్లేదు, నాలుగు జిల్లాలు తిరిగేసింది. పిల్లలు పగలబడి నవ్వేవారు. నవ్వాక ఒకడు తప్పకుండా అడిగేవాడు, "మరి ఆవిడకి ఏటి మారింది మేడమ్?" అని. రేషన్ కార్డు మారింది, కేసు పడితే వెళ్ళాల్సిన కోర్టు మారింది, కలెక్టరుకి అర్జీ పెట్టాలంటే ఎక్కాల్సిన బస్సు మారింది. చూశారా, సివిక్సు కూడా అయిపోయింది.

ఇక మలుపుల గురించి నాకున్న పెద్ద పాఠం బొబ్బిలి నేర్పింది.

ఉద్యోగంలో మొదటి ఆరేళ్ళు నేను బొబ్బిలి వైపు ఉన్నాను. 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం జరిగిన రోజు, అక్కడి పిల్లలకి నేను చెప్పక్కర్లేదు, పాలతో పాటే తాగి వస్తారు. విజయనగరం రాజుకి తోడొచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, కోటలో ఆడవాళ్ళ చావు, బొబ్బిలి రాజు రంగారావు పడిపోవడం, తర్వాత తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడవడం. అక్కడికొచ్చేసరికి క్లాసులో చప్పట్లు. నేనూ మంచి ఊపు మీద చెప్పేదాన్ని. తర్వాత విజయనగరం బదిలీ అయింది. అదే పాఠం, అదే ఊపు, పాపారాయుడు గుడారంలోకి దూరాడు, చప్పట్లు లేవు. ముందు బెంచీలో ఒక పిల్ల "ఆ రాజుగారి చెల్లెలే కదండీ మా పైడితల్లి అమ్మవారు" అంది. అన్న పోయాడన్న కబురు తట్టుకోలేక ప్రాణం వదిలేసి, పెద్దచెరువులో అమ్మవారై దొరికిందని ఇక్కడి నమ్మకం. దసరా వెళ్ళాక మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా సిరిమాను తిరుగుతుంటే లక్షలమంది చేతులెత్తి మొక్కుతారు. నలభై మైళ్ళ దూరం కూడా లేని రెండు ఊళ్ళు. ఒక చావు ఒక ఊళ్ళో చప్పట్లయింది, ఇంకో ఊళ్ళో దేవతయింది. ఆ రోజు నేను పాఠం మధ్యలో ఆపేసి నీళ్ళు తాగాను.

తర్వాతి ఏడాది నుంచి చెప్పే పద్ధతి మార్చాను. 1757ని బోర్డు మీద రాసి, జనవరి దగ్గర బొబ్బిలి, జూన్ 23 దగ్గర ప్లాసీ పెట్టేదాన్ని. రెండూ ఒకే ఏడాదని టీచర్లలో కూడా చాలామంది గమనించరు. జనవరిలో మన వైపు నిలబడి చూస్తే గెలిచింది ఎవరు? ఫ్రెంచివాళ్ళు. ఆ రోజు ఎవరైనా జోస్యం చెప్పమంటే ఈ దేశం ఫ్రెంచివాళ్ళదే అని ఉందురు. రెండేళ్ళు తిరక్కుండా అంతా తారుమారు. చనిపోయిన విజయరామరాజు తర్వాత వచ్చిన ఆనంద గజపతిరాజుకి బుస్సీ మీద కోపం. 1758లో విశాఖపట్నాన్ని ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని, కలకత్తాలో క్లైవుకి కబురంపాడు. క్లైవు కల్నల్ ఫోర్డుని పంపాడు. డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు, 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కూడా పోయింది. ఇంగ్లీషువాళ్ళని చేయి పట్టుకుని ఇంట్లోకి తీసుకొచ్చింది మన రాజుగారే. తప్పని నేననను. ఆయనకి అప్పుడు కనిపిస్తున్న శత్రువు ఫ్రెంచివాడు, వాణ్ణి తరమడానికి దొరికిన కర్ర ఇంగ్లీషువాడు.

ఆ కర్ర తర్వాత ఏం చేసిందో పద్మనాభం చెప్తుంది. విజయనగరం నుంచి భీమిలి వెళ్ళే దారిలో కొండ మీద స్వామివారున్న ఊరే. 1794 జూలై 10న కంపెనీ సైన్యం అక్కడ ఆ వంశంలోని తర్వాతి విజయరామరాజునే చంపేసింది. కారణం పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిలు. రాజ్యం వదిలేసి మచిలీపట్నం వెళ్ళి పింఛను మీద బతకమంటే ఆయన ఒప్పుకోలేదు. బొబ్బిలి నుంచి పద్మనాభానికి ముప్పై ఏడేళ్ళు. మలుపు ఎక్కడ తిరిగింది? బొబ్బిలిలోనా, కలకత్తాకి కబురెళ్ళిన రోజునా, చందుర్తిలోనా, పద్మనాభంలోనా? ఈ ప్రశ్న వేసి పిల్లల్ని రెండు జట్లు చేసి వదిలేయండి. మీ గొంతుకి ఒక పీరియడు విశ్రాంతి. ఒకసారి మా క్లాసులో "కబురు పట్టుకెళ్ళిన మనిషి దారిలో చచ్చిపోయుంటే బాగుండేది మేడమ్" అన్నాడొకడు. ఆ పిల్లాడు తర్వాత ఆర్టీసీలో కండక్టరయ్యాడు, నా దగ్గర టికెట్టు తీసుకోడు, నేనూరుకోను, ప్రతిసారీ గొడవే.

మలుపు తిరుగుతున్నప్పుడు అందులో ఉన్నవాళ్ళకి తెలియదని చెప్పడానికి మీ తొమ్మిదో తరగతి పాఠంలోనే మంచి ఉదాహరణ ఉంది. 1789 జూలై 14, బాస్టిల్ కూలిన రోజు. ఆ రోజు పదహారో లూయీ తన డైరీలో రాసుకున్న మాట ఒక్కటే, "ఏమీ లేదు". వేటలో ఏమీ పడలేదని దానర్థం. రాజుకే తెలియకపోతే మనమెంత? నేను 1975లో డిగ్రీ చదువుతున్నాను. ఎమర్జెన్సీ పెట్టిన నెలలో మా ఇంట్లో మాటలన్నీ మా అక్క పెళ్ళికి చేసిన అప్పు గురించే. మా నాన్న మాత్రం "రైళ్ళు టైముకొస్తున్నాయట" అని మెచ్చుకున్నట్టు గుర్తు. ఆ తర్వాత నేనే ముప్పై మూడేళ్ళు ఎమర్జెన్సీ మీద ప్రశ్నలు ఇచ్చి, కరెక్షను చేసి, మార్కులు కోశాను.

మీ పిల్లలు చూసిన మలుపులు కూడా ఉన్నాయి. ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటలున్న ఊళ్ళల్లో ఇప్పటికీ "తిత్లీకి ముందా, తిత్లీ తర్వాతా" అని లెక్క చెప్తారు. ఆ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు 11 అంటే ఎవరికీ గుర్తురాదు. లాక్‌డౌను అప్పుడు వెరావల్లో ఇరుక్కుపోయిన మనవాళ్ళు బస్సుల్లో రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చారు, మీ పిల్లలకి అది బాగానే తెలిసి ఉంటుంది. దాని మీద తలా ఒక పేజీ రాయమనండి. ఒకే వీధి పిల్లలు రాసినవి పక్కపక్కన పెడితే నెల కలవదు, బస్సు రంగు కలవదు, ఎవరు ముందు దిగారో కలవదు. అప్పుడు అడగండి, ఐదారేళ్ళ కిందటిదే ఇలా ఉంటే 1757 ఎలా తెలుస్తుంది అని. కాగితం, శాసనం, నాణెం, ఉత్తరం, ఇవన్నీ ఎందుకో అప్పుడు చెప్పండి. ఆధారాల పాఠం ఇంత కన్నా బాగా చెప్పే దారి నాకు దొరకలేదు. దీనికి యాప్ అక్కర్లేదు, ఫోటో అప్‌లోడు చేయక్కర్లేదు. శనివారం ఆఖరి పీరియడు చాలు.

స్టాఫ్ రూం గొడవలోకి మాత్రం దిగకండి. అక్కడ ఎవరూ ఎవరి చేతా ఒప్పించబడరు, టీ చల్లారిపోవడం తప్ప లాభం లేదు. ఎవరైనా ఫోన్ చూపించి "ఇది నిజమేనా" అని అడిగితే, "రాసింది ఎవరు, ఎప్పుడు, ఆయనకెలా తెలుసు" అని మూడు ప్రశ్నలు నవ్వుతూ అడిగి ఊరుకోండి. అవే మూడు ప్రశ్నలు క్లాసులో గోడ మీద రాయించండి. రాజు వేయించిన శాసనాన్ని కూడా అవే అడగాలి. అశోకుడి సంగతి చూడండి. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని పట్టుకుపోయారని, అందుకు తాను బాధపడుతున్నానని చెప్పుకున్న పదమూడో శాసనం కర్నూలు వైపు ఎర్రగుడిలో ఉంది. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళ్తే వచ్చే జౌగడలో లేదు, ధౌలిలో లేదు. అంటే అసలు కళింగంలో ఆ మాట చెక్కించలేదు. మనవాళ్ళకి చెప్పింది వేరు, మనుషులందరూ నా బిడ్డల్లాంటి వాళ్ళు అని. దెబ్బతిన్న వాళ్ళ ముందు ఆ లెక్క చదివించడం ఇష్టంలేక మానేశాడో, భయపడి మానేశాడో పిల్లల్నే అనుకోనివ్వండి. వాట్సాప్ దానంతటదే చిన్నబోతుంది.

ఉద్యోగం మాటకొస్తాను. మన వైపు చరిత్ర మాస్టార్లకి పెద్దన్న ఒకాయన ఉన్నారు, గిడుగు రామమూర్తి గారు. ఆయన్ని అందరూ వాడుక భాష కోసం తలుచుకుంటారు, ఆగస్టు 29న దండలేస్తారు. ఆయన పర్లాకిమిడిలో బడి పంతులని, చరిత్ర ఇష్టంగా చదువుకుని చెప్పిన మనిషని చాలామందికి గుర్తుండదు. ముఖలింగం గుళ్ళో గోడల మీది శాసనాలు చదవడం ఎవరూ నేర్పకుండా తనంతట తానే నేర్చుకున్నారు. మన కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేశారు. 1919లో శాలిహుండం బౌద్ధ శిథిలాలని మొదట గుర్తించింది కూడా ఆయనే. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళిపోతే, అన్నేళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వచ్చేశారు. మ్యాపులో ఒక గీత ఆయన ఇంట్లోకి అలా వచ్చింది. ఆయన ఇవన్నీ చేసింది సెలవుల్లోనూ, సాయంత్రాలూ, పంతులు జీతంతో. ఆయనంత వాళ్ళం కావాలని కాదు, మనకంత ఓపిక ఎక్కడిది. మీ సాయంత్రం ఒక గంట మార్కుల అప్‌లోడుకి ఇవ్వకుండా దాచుకోమని చెప్తున్నానంతే. మీరు కూడా ఏదో ఒకటి కొత్తగా తెలుసుకుంటూ ఉంటే క్లాసులో ఆ వాసన పిల్లలు పట్టేస్తారు. నేను మధ్యలో ఎనిమిదేళ్ళు గైడు చూసి చెప్పాను, దాచుకోవడం ఎందుకు. ఆ ఎనిమిదేళ్ళ పిల్లలు దారిలో కనిపిస్తే నమస్కారం పెడతారు గానీ ఆగి మాట్లాడరు.

గ్రూప్ 2 రాయాలనిపిస్తే రాయండి. జీతం కోసం రాయండి, హోదా కోసం రాయండి, మీ ఇంట్లో వాళ్ళ పోరు పడలేక రాసినా తప్పులేదు. ఒక పిల్లాడి ప్రశ్నకి జవాబు దొరకలేదని మాత్రం రాయకండి, ఎందుకంటే ఆ పరీక్షలో కూడా చరిత్రే ఉంటుంది. ట్యూషన్లు రావన్నది నిజమే. లెక్కల మాస్టారు ఇల్లు కట్టేస్తాడు, మనం అద్దింట్లో ఉంటాం. నా పెళ్ళప్పుడు మా అత్తగారు "సోషలా" అని సాగదీసిన సాగదీత ఇంకా నా చెవిలో ఉంది.

చివరికి మీ ప్రయాణం. ముఖలింగం గొప్పది, కాదనను. చోడగంగ దేవుడు కటకం తరలిపోక ముందు గాంగుల రాజధాని అది. కానీ మొదటిసారికి శాలిహుండమే నా మాట. మీ ఊరికి దగ్గర, పదో తరగతి పిల్లలు గుళ్ళో అయితే దండం పెట్టుకుని ప్రసాదం తిని బయటికొచ్చేస్తారు. శాలిహుండంలో మొక్కడానికేమీ ఉండదు కాబట్టి చూస్తారు. వేసవి రాకముందే వెళ్ళండి, కొండ మీద నీడ తక్కువ. మంచినీళ్ళు మీరే పట్టుకెళ్ళాలి. కింద చిన్న మ్యూజియం ఉంది, శుక్రవారం వెళ్ళి తాళం చూసి రాకుండా ముందే కనుక్కోండి. హెచ్‌ఎం గారి సంతకం, తల్లిదండ్రుల ఒప్పుకోలు కాగితాలు వారం ముందే తయారు పెట్టుకోండి. పులిహోర పొట్లాలు ఒక పది ఎక్కువ కట్టించండి, కింద పడేసుకునేవాళ్ళుంటారు. స్తూపాల దగ్గర నిలబడితే వంశధార కళింగపట్నం వైపు సముద్రంలోకి వెళ్ళడం కనిపిస్తుంది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు అది. ఏ నెలలో ఏ గాలికి తెరచాప ఎత్తాలో, ఆ మొగలో పడవ ఎలా తిప్పాలో మీకు తెలియదు, నాకూ తెలియదు. వెనక బెంచీ పిల్లాణ్ణి ముందుకి పిలిచి వాణ్ణి అడగండి.